జలపాతం కింది మలుపు

రామన్నపేట,
28 డిసెంబరు 2022.

మరదలు గ్లోరీకి బిక్షమ్మ రాయడం,

మొన్న నువ్వు ఫోన్ చేస్తే మీ అన్న ఎల్లస్వామి దాన్ని తెచ్చి నా చెవికి ఆనించాడు. ఎవరో దూరంగా పొయ్యి ఊదుతున్నట్టు వినిపించింది గాని నీ మాట ఒక్కటీ అందలేదు. నా చెవుల సంగతి నీకు తెలుసు. అంగన్‌వాడీలో చివరి ఏడాదంతా పిల్లల పెదవులు చూసే పాఠం చెప్పాను. అందుకే రాస్తున్నాను. నువ్వూ రాయి. ఉత్తరమైతే నాకు పూర్తిగా వినిపిస్తుంది.

పండుగ గడిచింది. ఇంటి మీద నక్షత్రం కడతానని మీ అన్న నిచ్చెన తెచ్చుకుంటే మమత అడ్డం పోయింది. "డాడి లేడు, అమ్మ లేదు. ఎవలకోసం కడుతున్నవ్ మామా?" అంది. ఆయన నిచ్చెన మళ్లీ గోడకు ఆనించి లోపలికి వెళ్లి పడుకున్నాడు. చర్చికి నేను ఒక్కదాన్నే వెళ్లాను. పాటలు ఎలాగూ వినబడవు. అందరి నోళ్లూ కదులుతుంటే నేనూ కదిపాను.

నా తమ్ముడు పోయి రెండు నెలలు కావస్తోంది. పోయాడు అని రాయడానికి నాకు మాత్రం చెయ్యి వస్తుందా? కాని మీ అన్న నీతో పాటు కొడైకెనాల్ వచ్చి, ఆ లోయ అంచున నిలబడి చూసినవాడే కదా. తిరిగి వచ్చిన రోజు ముఖం కూడా కడుక్కోకుండా, "బిక్షమ్మా, గా లోయల మనిషి బతికే జాగా లేదు. మన జాషువా ఇగ రాడు" అన్నాడు. నా ముందు నిలబడి, పెదవులు స్పష్టంగా కదిపి చెప్పాడు. రెండోసారి అడిగే పని లేకుండా చెప్పాడు.

వెతికేవాళ్లు కూడా ఆపేశారట. మరి నువ్వు ఎందుకు ఆగిపోయావో ఇక్కడ ఎవరికీ అర్థం కావడం లేదు. మమతకు పదిహేడేళ్లు. తండ్రి పోయిన పిల్ల తల్లి పక్కన పడుకోవాలి, మేనత్త పక్కన కాదు. బయలుదేరు.

నీ దారి చూస్తున్న వదిన,
బిక్షమ్మ


కొడైకెనాల్,
11 జనవరి 2023.

వదినా,

మీ ఉత్తరం చేతికి వచ్చేసరికి నేను దుప్పట్లు పిండుతున్నాను. తడి చేత్తోనే విప్పాను. కింద మీ పేరు కొంచెం చెదిరిపోయింది, ఏమీ అనుకోవద్దు.

నేను ఒక లాడ్జిలో పనికి కుదిరాను. వచ్చిపోయేవాళ్ల పక్కబట్టలు ఉతకడం, గదులు ఊడవడం. వెనుక చిన్న గది ఇచ్చారు. ఇక్కడ బట్టలు ఆరవు వదినా. మన దగ్గర తీగ మీద వేసి వెనక్కి తిరిగేలోపు ఎండిపోతాయే, ఇక్కడ మధ్యాహ్నమే మబ్బు నేల మీదికి దిగి తీగల మధ్య నుంచి నడిచిపోతుంది. పొద్దున ఆరినవి సాయంత్రానికి మళ్లీ తడిసి ఉంటాయి.

ఇది ఎంత అందమైన ఊరో చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. నడిమధ్యలో పెద్ద సరస్సు. చుట్టూ గుర్రాలు, సైకిళ్లు, పెళ్లయిన కొత్త జంటలు. ఊరి బయట స్తంభాల్లాంటి మూడు పెద్ద బండలు లోయలోంచి నిటారుగా లేచి ఉంటాయి. వాటిని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వచ్చేసరికి పొగమంచు కమ్మేసి ఏమీ కనబడదు. అయినా కదలరు, పల్లీలు తింటూ, పిల్లల్ని ఆడిస్తూ అక్కడే నిలబడతారు. మంచు ఒక్క క్షణం తొలగగానే అందరూ 'ఓ' అని అరుస్తారు. నేనూ వాళ్ల మధ్య నిలబడ్డాను ఒకరోజు. నా వైపు ఎవరూ చూడలేదు. అదే బాగుంది.

ఎందుకు ఉన్నానని అడిగారు. అన్న చూసిందే నేనూ చూశాను. తన బండిలో టూరుకు తెచ్చినవాళ్లను లాడ్జిలో దించాక మీ తమ్ముడి పని అయిపోయింది. ఒక ముసలామె మందుల సంచి కొండ కింది టిఫిను హోటల్లో మరిచిపోయిందని పొద్దున్నే ఖాళీ బండితో మళ్లీ కొండ దిగాడు. ఘాట్ రోడ్డు మీద వెండి జలపాతం అని ఒకటుంది, ప్రతి బండీ అక్కడ ఆగుతుంది. దాని కింది మలుపులో కొండ విరిగి మీద పడింది. బండి లోయలో దొరికింది. ఆయన దొరకలేదు. డ్రైవరు వైపు తలుపు తెరిచి ఉంది వదినా. విరగలేదు, తెరిచి ఉంది. తలుపు తెరిచిన మనిషి దిగాడనే కదా అర్థం?

ఎండలు వచ్చి నీళ్లు తగ్గాక మళ్లీ వెతుకుతామని అటవీ శాఖ వాళ్లు అన్నారు. అప్పుడు నేను ఇక్కడ ఉండాలి. మమతకు చెప్పండి. నేను ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

అన్నకు దండాలు.
గ్లోరీ


రామన్నపేట,
20 ఫిబ్రవరి 2023.

గ్లోరీకి,

ఉత్తరం అందింది. మమతకు ఇచ్చాను. చదివి మడిచి మళ్లీ నా చేతిలోనే పెట్టింది. ఈమధ్య ఆ పిల్ల ఏమీ అనడం లేదు. నాకు చెవుడు కాబట్టి మాట్లాడటం లేదనుకున్నాను. మీ అన్నతో కూడా అంతేనట.

ఇప్పుడు రాసేది రాయకూడదనే అనుకున్నాను. నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్టులో కమీషన్ వ్యాపారం చేసే దుర్గయ్య నీకు తెలుసు. మార్కెట్టు వాళ్లంతా కలిసి ఆ కొండలు చూడటానికి వచ్చారట. మొన్న మా ఇంటి ముందు బండి ఆపి మీ అన్నతో చెప్పిపోయాడు. "మీ చెల్లెను సూసిన. స్వెటర్ ఏసుకొని సరస్సుకాడ కూసున్నది. పక్కకు ఒక మొగాయన. మస్తు నవ్వుతాంది" అన్నాడు. మీ అన్న ఆ మాటలు నాకు చెప్పకుండా దాచబోతే, ఆయన ముఖం చూసి నేనే అడిగి చెప్పించుకున్నాను.

నేను నమ్మానని కాదు. కాని దుర్గయ్య ఒక్క మా వాకిట్లోనే బండి ఆపి ఉండడు కదా. మమత కాలేజీకి బస్సులో పోతుంది. బస్సులో నాలుగూళ్ల మనుషులు ఉంటారు.

ఇంకొకటి. పాస్టరుగారితో మాట్లాడాను. ఈస్టరు నాడు మన సమాధుల దగ్గర జాషువా పేరుతో ఒక రాయి నిలబెట్టి ప్రార్థన చేయిద్దామనుకుంటున్నాం. మనిషి దొరకకపోయినా పేరుకు ఒక చోటు ఉండాలి. లేకపోతే మేమంతా ఎక్కడికి పోయి ఏడవాలి? నువ్వంటే ఆ లోయ దగ్గర ఉన్నావు. నాకు అదీ లేదు.

ఈస్టరుకు రా. నువ్వు రాకపోయినా జరుగుతుంది.

బిక్షమ్మ


కొడైకెనాల్,
6 మార్చి 2023.

వదినగారికి,

ఆ మనిషి అటవీ శాఖలో వాచరు. వయసులో మా నాన్నంత వాడు. సెలవు దొరికిన ప్రతిసారీ నా కోసం ఆ లోయలోకి దిగి వస్తాడు. నాకు అరవం రాదు, ఆయనకు తెలుగు రాదు. టూరిస్టుల దగ్గర నేర్చుకున్న మాట ఒక్కటే వచ్చు, 'బాగుందా'. ఆ రోజు లోయ నుంచి వచ్చి నా పక్కన కూర్చుని, చేతులు తిప్పి ఏమీ దొరకలేదని చూపించి, ఇంకేం చెప్పాలో తెలియక "బాగుందా" అన్నాడు. నవ్వాను. ఎందుకు నవ్వు వచ్చిందో దుర్గయ్యకు ఏం తెలుస్తుంది? ఆ తరువాత గదికి వచ్చి ఏం చేశానో కూడా ఆయన చూడలేదు.

స్వెటరు లాడ్జి ఓనరు భార్య పాతది. వేసుకోకపోతే ఇక్కడ వేళ్లు వంగవు.

రాయి సంగతి. నేను లేకుండా ఆయన పేరుతో అక్కడ ఏదీ నిలబెట్టకండి. మీ తమ్ముడే, కాదనను. కాని చనిపోయాడని నేను ఇంకా ఒప్పుకోలేదు. నేను ఒప్పుకోకుండా మీరు పూడ్చిపెడితే, ఇక ఆ ఇంటి గడప నాది కాదు.

ఇంతకన్నా రాయలేను. దుప్పట్లు నానుతున్నాయి.

గ్లోరీ


రామన్నపేట,
24 ఏప్రిల్ 2023.

గ్లోరీ,

నీ మార్చి ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. గడప నాది కాదు అన్న మాట చదివాక రాయబుద్ధి కాలేదు. ఆ గడప మీద నిన్ను పెళ్లికూతురుగా నిలబెట్టి హారతి బదులు వాక్యం చదివింది నేనే.

ఇప్పుడు వేరే సంగతి అడగడానికి రాస్తున్నాను. నిజం చెప్పు.

ఆటో నడిపే అంజన్న నిన్న కూరగాయల దగ్గర కనబడి, చేతులతో సైగలు చేస్తూ, "పండుగ నాడు మీ మరదలు వచ్చిపాయె గదా, మల్ల ఎప్పుడొస్తది?" అన్నాడు. నేను తప్పుగా చూశాననుకుని మళ్లీ చెప్పమన్నాను. తెల్లారకముందే స్టేషన్ నుంచి ఎక్కించుకుని సమాధుల మలుపు దగ్గర దించాడట. కాసేపటికే తిరిగి వచ్చి, అదే ఆటోలో వెనక్కి పోనిమ్మన్నావట. ఏమడిగినా మాట్లాడలేదట.

అది నువ్వేనా? నువ్వే అయితే, ఇంత దూరం వచ్చి కన్నబిడ్డను చూడకుండా ఎలా పోయావు? ఈ మాట నేను మమతకు చెప్పలేదు. చెప్పాలో వద్దో తెలియక రెండు పూటలు అన్నం ముందు ఊరికే కూర్చున్నాను.

బిక్షమ్మ


కొడైకెనాల్,
3 మే 2023.

వదినా,

నేనే.

రావద్దనుకుంటూనే బయలుదేరాను. చెన్నైలో రైలు మారి రామన్నపేటలో దిగేసరికి ఇంకా చీకటిగానే ఉంది. రాయి నిలబెడుతుంటే అడ్డం పడాలని వచ్చాను. మీ చెయ్యి పట్టుకుని, "వదినె, జర ఆగు, ఒక్క ఏడాది ఆగు" అని బతిమాలుకోవాలని దారంతా మాటలు కూర్చుకున్నాను.

తుమ్మచెట్ల దగ్గర దిగి చూస్తే కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. తెల్లగా సున్నం వేసిన కొత్త సమాధి. మీరు కొంగుతో సిలువ తుడుస్తున్నారు. అన్న పూలు పట్టుకుని నిలబడ్డాడు. మమత మోకాళ్ల మీద కూర్చుని వత్తి వెలిగిస్తోంది. గాలికి ఆరిపోతే చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ వెలిగించింది. తెల్ల చుడీదారు వేసుకుంది. చిక్కిపోయింది.

నా బిడ్డ చేతులతోనే వాళ్ల నాన్నను మట్టి చేయించారు అనుకున్నాను. అప్పుడు లోపలికి వచ్చి నేనేం మాట్లాడను? ఏడిస్తే అందరూ నాతో కలిసి ఏడుస్తారు. కలిసి ఏడిస్తే ఆయన పోయినట్టే. వెనక్కి తిరిగాను.

ఇప్పుడు ఇక్కడ సీజను. ఊరు పట్టనంత జనం. కింద మైదానాల ఎండకు తాళలేక కార్లు వరుసగా ఎక్కివస్తున్నాయి. నిన్న సరస్సు దగ్గర ఒక గుంపు కనబడింది. "ఓ పిల్లా, గటు పోకు, నీళ్లల్ల పడతవ్" అని ఎవరో అరిచారు. మిర్యాలగూడ వాళ్లట. వాళ్ల వెనకే నడిచాను. పడవ ఎక్కడానికి నిలబడితే నేనూ నిలబడ్డాను, మొక్కజొన్న కంకులు కొంటే నేనూ అక్కడే ఆగాను. నా అంతట నేను మాట్లాడలేదు. ఊరికే వింటూ పోయాను. చివరికి ఒకామె అనుమానంగా చూసి హ్యాండ్‌బ్యాగు ముందుకు లాక్కుంది. అప్పుడు ఆగిపోయాను.

ఎండలు వచ్చాయి, నీళ్లు తగ్గాయి, అడవి వాళ్లు మళ్లీ దిగి చూశారు. ఏమీ లేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఎవరూ లేరు, అందుకే మీకు రాస్తున్నాను. మీ మీద కోపం ఉన్నా మీకే రాస్తున్నాను.

గ్లోరీ


రామన్నపేట,
14 మే 2023.

పిచ్చిదానా,

నువ్వు చూసింది మా నాయిన సమాధి. మీ మామది.

పోయిన వానల్లో పెచ్చులూడిపోతే సిమెంటు పూయించి సున్నం వేయించాను. పండుగకు పెద్దవాళ్లకు కొవ్వొత్తి పెట్టకుండా ఉంటామా? నాలుగడుగులు లోపలికి వేసి ఉంటే సిలువ మీద పేరు చదివేదానివి కదా!

జాషువాకు రాయి పెట్టలేదు. పాస్టరుగారు వచ్చి రాయి ఎంతది, ఏ పక్కన అని కొలత తీస్తుంటే మమత చూసింది. ఎన్నో రోజుల తరువాత అప్పుడే నోరు విప్పింది. నా ముందుకు వచ్చి, నాకు తెలిసేలా ఒక్కో మాటా విడదీసి, "అత్తమ్మా, అమ్మ లేకుంట డాడికి ఏం చెయ్యొద్దు. చేస్తే నేను గూడ ఇంట్లకెల్లి పోత" అంది. ఆపించాను. నీకు రాయకపోవడం నాదే పొరపాటు. నా చెవులు పోయినప్పటి నుంచి ఎవరేమన్నా ముందు కోపమే వస్తోంది, సగం మాటే నాకు చేరుతుంది కాబట్టేమో.

నీ మూడో తేదీ ఉత్తరం మమతకు ఇచ్చాను. ఇవ్వాలో వద్దో ఆలోచించలేదు. వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని చదివింది. చదువుతూ చదువుతూ భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. నేను కూర దించి పక్కన కూర్చున్నాను. "అమ్మ వచ్చిందా? నేను కొవ్వొత్తి పెట్టేటప్పుడు గక్కడ్నే ఉన్నదా?" అని పదేపదే అడిగింది. అవునని తల ఊపుతూనే ఉన్నాను.

ఆ పిల్లకు నీ మీద కోపం అనుకున్నాం మనం ఇద్దరం. కోపం కాదు గ్లోరీ. నువ్వు వాళ్ల నాన్ననే ఎంచుకున్నావని అనుకుంది.

పరీక్షలు అయిపోయాయి. మీ అన్న టికెట్లు చేయించాడు. ఆయన మమతను నీ దగ్గర దించి, రెండు రోజులు ఉండి వస్తాడు. తరువాత మీ ఇద్దరి ఇష్టం. వెల్లుల్లి కారం, సకినాలు పంపుతున్నాను. ఆ చలికి మెత్తబడకముందే తినండి.

నీ వదిన,
బిక్షమ్మ


కొడైకెనాల్,
8 జూన్ 2023.

వదినా,

అన్న తిరిగి వచ్చి చాలా సంగతులు చెప్పే ఉంటాడు. ఆయన చూడనివి నేను రాస్తాను.

బస్సు దిగగానే మమత నా చేతులు చూసింది. సబ్బునీళ్లకు తోలు ఊడి ఉన్నాయి. వాటిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. మొదటి వారం నాతో పాటు దుప్పట్లు ఆరేసింది, మడతలు పెట్టింది. సాయంత్రాలు సరస్సు చుట్టూ నడిచేవాళ్లం. పైన్ చెట్ల అడవికి తీసుకుపోయాను. వేలవేల చెట్లు, ఒక్క పిట్ట అరుపు లేదు. "మంచిగనే ఉన్నదమ్మా గీ ఊరు. గందుకే నాకు నచ్చుతలేదు" అంది.

మలుపు దగ్గరికి తీసుకుపొమ్మని తనే అడిగింది. నిన్న పోయాం. వదినా, అక్కడ ఇప్పుడు ఏమీ లేదు. కొండకు కొత్త గోడ కట్టారు, రోడ్డు నున్నగా వేశారు. పైన జలపాతం దగ్గర జనం తడుస్తున్నారు, కోతులకు బిస్కెట్లు వేస్తున్నారు. ఆ హడావుడి మలుపు దాకా వచ్చేసింది. మేం గోడ పక్కన నిలబడి ఉంటే ఎవరో భార్యాభర్తలు పిల్లలతో వచ్చి మమత చేతికి ఫోన్ ఇచ్చి, లోయ వెనుక పడేలా ఫోటో తీయమన్నారు. తీసింది. ఇంకొంచెం దగ్గరికి జరగమని చేత్తో చూపించి మరీ తీసింది. వాళ్లు పోయాక గోడ అంచుకు వచ్చి కిందికి చూసింది.

నేను తలుపు సంగతి చెప్పాను. తెరిచి ఉంది బిడ్డా, డాడి దిగి ఉంటాడు, ఎటో దారి తప్పి ఉంటాడు, దెబ్బ తగిలి మనల్ని మరిచిపోయి ఉంటాడు అన్నాను. ఇన్నాళ్లూ నాలో నేను అనుకుంటున్నదంతా బయటికి చెప్పాను.

మమత లోయ వైపే చూస్తూ విన్నది.

"దిగిండనే అనుకుందాం అమ్మా" అంది. "దిగినోడు ముందుగాల ఏం చేస్తడు? నాకు ఫోన్ చేస్తడు. ఏ ఊర్ల బండి ఆపినా నాకు చెయ్యకుంట చాయ గూడ తాగకపోతుండె. నా నంబరొక్కటే ఆయనకు నోటికొస్తది. దెబ్బ తగిలినా, ఇంకొకల ఫోనైనా అడుక్కొని చేస్తుండె. చెయ్యలే అమ్మా. పొద్దున్నుంచి రాత్రి దాంక ఫోన్ చేతుల్నే పట్టుకొని కూసున్న. నువ్వు చేస్తే గూడ గందుకే ఎత్తలే. నీతోని మాట్లాడుతుంటే డాడి చేస్తే లైన్ దొరకదని."

నిజమే వదినా. ఆ మనిషి అలాంటివాడే. నాకన్నా ముందు దానికే చేసేవాడు.

మంచు వచ్చి లోయను మూసేసింది. పక్కన నిలబడ్డ జనం అది తొలగే దాకా చూద్దామని ఆగారు. మేం ఆగలేదు. బస్సు కోసం ఎదురు చూడకుండా ఊరి దాకా నడిచే వచ్చాం. దారిలో మమత నా స్వెటరు అంచు పట్టుకుని నడిచింది, చిన్నప్పుడు సంతలో పట్టుకున్నట్టు.

ఈ పొద్దున వాచరు పెద్దాయనకు చెప్పి వచ్చాను, వెళ్లిపోతున్నానని. ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. లాడ్జి వాళ్లకు కూడా చెప్పేశాను.

పాస్టరుగారితో మాట్లాడండి. రాయి మామ సమాధి పక్కన పెడదాం. పేరు, ఊరు చాలు. మమత అడ్డం పడితే మీరు ఆపారు కాబట్టే ఇప్పుడు నా నోటితో నేను చెప్పగలుగుతున్నాను.

మేం పై వారం శనివారం బయలుదేరి సోమవారం పొద్దున్నే దిగుతాం. అన్నను స్టేషనుకు రావద్దనండి, నడిచి వస్తాం. వచ్చేసరికి ఇంత అన్నం వండి పెట్టండి.

ఇద్దరికే వండండి వదినా.

గ్లోరీ